మహమ్మారి రోజుల్లో గే పురుషుల లైంగిక ఆరోగ్యం: ముందు ఏం సిద్ధం చేసుకోవాలి, తరువాత ఏం చేయాలి

2020 మార్చి 24 రాత్రి దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించగానే హైదరాబాదులోని హాస్టళ్లు కుర్రాళ్లను ఖాళీ చేయమన్నాయి. పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరి, అనుమతి పత్రాలు తెచ్చుకుని ఆంధ్రప్రదేశ్‌లోని సొంత ఊళ్లకు బయల్దేరినవారిని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ గుంపుల్లో గే యువకులు కూడా ఉండకపోరు. అయితే వారి ఇబ్బందుల్లో కొన్ని పక్కనున్న స్నేహితుడితో సైతం చెప్పుకోలేనివి. నెలనెలా మందులిచ్చే కేంద్రం, గుచ్చిగుచ్చి ప్రశ్నించకుండా పరీక్ష చేసే క్లినిక్, మనసు విప్పి మాట్లాడగల మనిషి, లోపల గడియ వేసుకోగల గది, ఇవన్నీ నగరంలోనే ఉండిపోయాయి. మరో మహమ్మారి ఎప్పుడు వస్తుందో చెప్పలేము గాని, అది వచ్చిన రోజున ముందుగా తెగిపోయేవి ఏమిటో ఇప్పుడు మనకు తెలుసు కాబట్టి, వాటి ఏర్పాటు మామూలు రోజుల్లోనే చేసుకోవచ్చు.

ప్రవర్తన ఎలా మారుతుంది

వ్యాధి వ్యాపిస్తున్నా గే పురుషులు నిర్లక్ష్యంగా తిరుగుతారని బయటివారు అనుకుంటారు. నిజానికి జరిగింది వేరు. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో పురుషులతో సంబంధాలున్న 1,051 మంది పురుషులు పాల్గొన్న ఆన్‌లైన్ సర్వేలో సగం మందికి పైగా భాగస్వాముల సంఖ్యను తగ్గించుకున్నామని చెప్పారు. కండోముల వాడకంలో ఎక్కువమందికి మార్పేమీ రాలేదు. కొందరికి మాత్రం హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవడం, నివారణ మందులు తెచ్చుకోవడం కష్టమైంది. 2022లో ఎంపాక్స్ (పాత పేరు మంకీపాక్స్) వ్యాపించినప్పుడు అక్కడే జరిగిన ఇంకో సర్వేలోనూ దాదాపు సగం మంది భాగస్వాములను తగ్గించుకున్నట్టు తేలింది. వారిని ఎవరూ నిర్బంధించలేదు, తమంతట తామే తగ్గించుకున్నారు.

కాబట్టి మొదటి నెలల్లో కలయికలు తగ్గుతాయి, ఆ తరువాత ఒంటరితనం పెరిగేకొద్దీ, ఆంక్షలు సడలేకొద్దీ మళ్లీ మొదలవుతాయి. ఈలోగా ప్రెప్, అంటే హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వేసుకునే మాత్రలు, వాడేవారు దానిని ఆపేసి ఉంటారు, చివరిసారి రక్త పరీక్ష చేయించుకుని ఏడాది దాటిపోయి ఉంటుంది, పాత భాగస్వాములు ఊళ్లు మారి కొత్తవారు పరిచయమవుతుంటారు. నా అభిప్రాయంలో అసలు ప్రమాదం ఈ రెండో దశలోనే ఉంది. లాక్‌డౌన్ నడిచినన్నాళ్లూ హెచ్చరికలకు కొదవ ఉండదు గాని, అది ఎత్తేసిన వారంలో సుఖవ్యాధుల గురించి మాట్లాడేవారు ఎవరూ కనిపించరు. దేశంలో వయోజనుల్లో హెచ్‌ఐవీ 0.20 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం, తెలంగాణలో 0.44 శాతం ఉందని 2023 నాటి ప్రభుత్వ అంచనాలు చెబుతున్నాయి గనుక, మన దగ్గర ఈ మౌనం వల్ల కలిగే నష్టం ఇంకా ఎక్కువ.

వ్యాధి ఏ దారిన వస్తుందో ముందు తెలుసుకోండి

ప్రతి మహమ్మారికీ ఒకే జాగ్రత్త సరిపోదు. కోవిడ్ ఊపిరి ద్వారా అంటుకుంటుంది. కొద్దిమంది రోగుల వీర్యంలో ఆ వైరస్ ఆనవాళ్లు కనిపించాయని 2020లో చైనా వైద్యులు ప్రకటించినా, ఒక గదిలో ముఖానికి ముఖం దగ్గరగా గడిపే సమయమే అంటుకోవడానికి చాలినంత కారణం. కండోము కోవిడ్‌ను ఆపలేదు, మాస్కు హెచ్‌ఐవీని ఆపలేదు. ఈ రెండు వాక్యాలనూ కలిపి చదువుకుంటే చాలావరకు విషయం అర్థమవుతుంది. శ్వాస ద్వారా వ్యాపించే వ్యాధి ఉధృతంగా ఉన్న వారాల్లో ఒకే భాగస్వామితో ఉండటం, లేదా ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులు తమలో తామే కలుస్తామని మాట ఇచ్చుకోవడం మేలు. జ్వరం, దగ్గు ఉంటే ఆ రోజు కలవకపోవడం, గది కిటికీలు తెరిచి ఉంచడం, కొత్తవారితో ముద్దులు మానుకోవడం కూడా పనికొస్తాయి. శానిటైజర్‌ను మర్మాంగాలకు పూసుకుంటే పలుచని చర్మం మండి పుండు పడుతుంది, పైగా దానివల్ల ఏ రక్షణా కలగదు. సబ్బు, నీళ్లు చాలు.

ఎంపాక్స్ దారి వేరు. అది ముఖ్యంగా చర్మానికి చర్మం తగలడం వల్ల వ్యాపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జులై 23న దానిని అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర స్థితిగా ప్రకటించే నాటికే మన దేశంలో తొలి కేసు కేరళలో బయటపడింది. ఆ ఏడాది విదేశాల్లో వ్యాధి సోకినవారిలో అత్యధికులు పురుషులతో సంబంధాలున్న పురుషులే కావడంతో, కొంతకాలం పాటు భాగస్వాముల సంఖ్య తగ్గించుకోమని ఆ సంస్థ అధిపతి బహిరంగంగానే సలహా ఇచ్చారు. ఈ సలహాను అవమానంగా తీసుకున్నవారూ ఉన్నారు గాని, నాకు అది మంచి సలహాగానే తోచింది. ఎందుకంటే అది "మానుకోండి" అని గాక "కొంతకాలం తగ్గించుకోండి" అని చెప్పింది. జననాంగాల మీద, మలద్వారం చుట్టూ, నోటిలో పొక్కులు రావడం, మలద్వారంలో విపరీతమైన నొప్పి, జ్వరం, గజ్జల్లో బిళ్లలు కట్టడం దీని లక్షణాలు. అంటుకున్న తరువాత మూడు వారాల లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు. 2022లో తెలంగాణలో ఇలాంటి అనుమానిత కేసులకు నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిని కేటాయించారు. పొక్కులన్నీ ఎండి, పెచ్చులు రాలి, కింద కొత్త చర్మం వచ్చేవరకు ఎవరినీ తాకకూడదు. తగ్గిన తరువాత కూడా పన్నెండు వారాల పాటు కండోము వాడాలి.

మందులు: అన్నిటికన్నా ముందు చూసుకోవలసినవి

కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటూ ప్రతి నెలా హైదరాబాదులో హెచ్‌ఐవీకి చికిత్స ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో మందులు తీసుకునే ఒక యువకుడిని ఊహించుకోండి. లాక్‌డౌన్ నాటికి అతని సీసాలో పదకొండు మాత్రలు మిగిలాయి. ఊరు కోనసీమలో ఉంది, అమ్మానాన్నలకు ఏమీ తెలియదు. అతనికి తట్టే మొదటి ఆలోచన రోజు విడిచి రోజు వేసుకుంటే ఇరవై రెండు రోజులు వస్తాయనే. ఇది చేయకూడని పనుల్లో మొదటిది. రోజూ వేసుకోవలసిన మందును సగం చేసి సాగదీస్తే రక్తంలో దాని మోతాదు చాలక, వైరస్ ఆ మందుకు లొంగని రూపంలోకి మారే వీలుంటుంది. ఉన్నన్ని మాత్రలు రోజూ అదే వేళకు వేసుకుంటూ, అవి అయిపోయేలోపు కొత్తవి సంపాదించే ప్రయత్నం చేయాలి. ఆ ప్రయత్నానికి దారి కూడా ఉంది. 2020 మార్చిలోనే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వమని, వేరే చోట చిక్కుకుపోయినవారికి దగ్గరలోని ఏఆర్‌టీ కేంద్రంలోనే ఇవ్వమని కేంద్రాలకు సూచించింది. కాబట్టి ఆ యువకుడు తన చికిత్స పుస్తకం పట్టుకుని తన జిల్లాలోని కేంద్రానికి వెళితే మందు దొరుకుతుంది. దగ్గరి కేంద్రం ఏదో తెలియకపోతే ఉచిత నంబరు 1097కు ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు.

ఇదంతా ఇబ్బంది లేకుండా జరగాలంటే కొన్ని పనులు ఇప్పుడే చేసి పెట్టుకోవాలి. చికిత్స పుస్తకంలో పేరు, నంబరు, మందుల వివరాలున్న పేజీనీ, సీసా మీది లేబులునూ ఫోటో తీసి ఫోన్‌లో తాళం వేసిన ఫోల్డర్లో పెట్టుకోండి. ఇంట్లోవాళ్లు చదువుతారని లేబులు గీకేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ భయం అర్థం చేసుకోదగినదే గాని, మాత్రలను కాగితం పొట్లంలో కట్టి బట్టల మధ్య దాచకండి, తేమ తగిలితే అవి పాడవుతాయి. లేబులు తీసినా మాత్రలు అదే సీసాలో, లోపలి తేమ పీల్చే సంచితో సహా ఉండాలి. చేతిలో ఎప్పుడూ కనీసం ఒక నెల మందు అదనంగా ఉండేలా చూసుకోండి. ఏఆర్‌టీ కేంద్రాలు చాలావరకు పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే ఉంటాయన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. సికింద్రాబాదు గాంధీ ఆస్పత్రిని పూర్తిగా కోవిడ్‌కే కేటాయించినట్టు, మీరు వెళ్లే ఆస్పత్రినీ రేపు మహమ్మారి రోగులకే కేటాయించవచ్చు. అందుకని రెండో కేంద్రం ఎక్కడుందో తెలిసి ఉండాలి.

మన ఇళ్లకు సంబంధించిన చిక్కు ఒకటుంది. 2020, 2021ల్లో రోగనిరోధక శక్తి పెరుగుతుందని జింక్ మాత్రలు మింగని తెలుగు ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. ఇప్పుడు ఏఆర్‌టీలో ఎక్కువమందికి ఇస్తున్న మాత్రలో డోల్యుటెగ్రావిర్ ఉంటుంది. జింక్, కాల్షియం, ఐరన్ ఉన్న మాత్రలు, కడుపు మంటకు తాగే యాంటాసిడ్లు దానితో పాటు కడుపులోకి వెళితే ఆ మందు సరిగా ఒంటికి పట్టదు. ఏఆర్‌టీ మాత్ర వేసుకున్నాక కనీసం రెండు గంటలు ఆగి మాత్రమే అవి వేసుకోవాలి. అవి ముందుగా వేసుకుని ఉంటే ఏఆర్‌టీ మాత్రకు ఆరు గంటల ఎడం ఇవ్వాలి. అమ్మ ప్రేమతో పొద్దున టిఫిన్‌తో పాటు జింక్ మాత్ర చేతిలో పెడితే కాదనలేకపోతారు గనుక, ఏఆర్‌టీ మాత్రను రాత్రి పడుకునే ముందుకు పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు. కోవిడ్‌కు ఇచ్చే నిర్మాట్రెల్విర్, రిటొనావిర్ మందుల జంటతో ఇంకో ప్రమాదం ఉంది. అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ ప్రభావాన్ని రిటొనావిర్ బాగా పెంచి రక్తపోటు పడిపోయేలా చేయగలదు. వైద్యుడు అడగకపోయినా మీరు వాడే మాత్రలన్నీ చెప్పాలి.

ప్రెప్ సంగతి కాస్త భిన్నం. కలయికలు లేని రోజుల్లో దానిని ఆపడంలో తప్పు లేదు, అయితే చివరి కలయిక తరువాత రెండు రోజులు వేసుకుని ఆపాలి. హెపటైటిస్ బీ ఉన్నవారు మాత్రం వైద్యుడిని అడగకుండా ఆపకూడదు, కాలేయానికి వాపు రావచ్చు. మళ్లీ మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. పాత సీసాలో మిగిలిన మాత్రలున్నాయి కదా అని పరీక్ష లేకుండా మొదలుపెడితే, మధ్యలో ఎప్పుడైనా వ్యాధి సోకి ఉంటే చాలీచాలని చికిత్స అయి మందుకు లొంగని వైరస్ తయారవుతుంది. అరుదుగా కలిసేవారికి అవసరమైనప్పుడే వేసుకునే పద్ధతి మహమ్మారి రోజుల్లో నప్పుతుంది. కలయికకు 2 నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు, అవి వేసుకున్న 24 గంటలకు ఒకటి, 48 గంటలకు ఇంకొకటి వేసుకోవాలి. హెపటైటిస్ బీ ఉన్నవారికి ఈ పద్ధతి పనికిరాదు. ప్రెప్ లేకుండా ప్రమాదం జరిగిందనిపిస్తే 72 గంటల లోపు పెప్, అంటే ప్రమాదం తరువాత హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందులు, మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, తెల్లవారేదాకా ఆగనవసరం లేదు, ఆస్పత్రి అత్యవసర విభాగంలో అడగండి.

కండోములు మెడికల్ షాపుల్లో లాక్‌డౌన్‌లోనూ దొరికాయి. దొరకనిది, దొరికినా మన ఊరి దుకాణంలో అడగలేనిది లూబ్రికెంట్. దాంతో చేతికందిన కొబ్బరి నూనె వాడేస్తారు. నూనె, వాజలిన్, వెన్న ఏదైనా సరే మామూలు లేటెక్స్ కండోమును నిమిషాల్లో బలహీనపరుస్తుంది, పైకి మాత్రం చిరిగినట్టు కనిపించదు. నీటి ఆధారిత లూబ్రికెంట్ రెండు ట్యూబులు ముందే కొని ఉంచుకోండి. స్వచ్ఛంద సంస్థల క్షేత్ర కార్యకర్త తెలిసి ఉంటే కండోములు ఉచితంగానే ఇస్తారు.

ఇల్లు, ఫోను

వీడియో కాల్, ఫోను సంభాషణ శ్వాస వ్యాధుల కాలంలో ఆరోగ్యపరంగా అన్నిటికన్నా సురక్షితమైనవి. అయితే వాటికి వేరే ప్రమాదం ఉంది. ముఖమూ, నగ్న శరీరమూ ఒకే చిత్రంలో ఉండకూడదు. వెనక గోడ మీద క్యాలెండరు, కుటుంబ ఫోటో, కాలేజీ గుర్తింపు కార్డు కనిపించకూడదు. "కనిపించి మాయమయ్యే" సందేశాలను కూడా పక్క ఫోన్‌తో వీడియో తీయవచ్చు. ఎవరైనా రికార్డు చేసి డబ్బులు అడిగితే ఒక్క రూపాయి కూడా పంపవద్దు, మొదటి చెల్లింపుతో అది ఆగదు. సంభాషణ, ఖాతా వివరాలు, అతని నంబరు స్క్రీన్‌షాట్లు తీసుకుని, తరువాత బ్లాక్ చేసి, 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. పరస్పర అంగీకారంతో వయోజనులైన ఇద్దరు పురుషుల మధ్య సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చేసింది కాబట్టి, "పోలీసులకు నీ గురించే చెబుతా" అనే బెదిరింపుకు చట్టంలో బలం లేదు.

నెలల తరబడి ఇంట్లోనే ఉంటే పెళ్లి మాట రాకుండా ఉండదు. ఏదో ఒక రోజు విషయం బయటపడితే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి "నయం చేయిద్దాం" అనే కుటుంబాలూ ఉన్నాయి. అలా నయం చేస్తామని చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించింది, ఈ మాట డాక్టరు ముందే అనవచ్చు. దిగులు, నిద్రలేమి, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో మాట్లాడే వీలు లేకపోతే పొలం గట్టు మీదో, మేడ మీదో, పాలు తెచ్చే నెపంతో నడుస్తూనో మాట్లాడవచ్చు.

భార్య ఉన్న పురుషులు కూడా ఈ వ్యాసం చదువుతారని నాకు తెలుసు. తప్పొప్పులు చెప్పే చోటు ఇది కాదు. బయట కండోము లేకుండా కలిసి ఉంటే, పరీక్షల ఫలితాలు పూర్తిగా తేలేవరకు ఇంట్లోనూ కండోము వాడండి. ఆమె గర్భవతి అయితే ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను, ఎందుకంటే చికిత్స లేని సిఫిలిస్ కడుపులోని బిడ్డను చంపగలదు.

ఆంక్షలు సడలినప్పుడు

మొదటి కొత్త కలయికకు ముందే పరీక్ష చేయించుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. మూడు నెలల పాటు ఎవరినీ కలవకుండా ఉన్నవారికి అప్పుడు చేసిన హెచ్‌ఐవీ పరీక్షలో నెగెటివ్ వస్తే అది పూర్తిగా నమ్మదగిన ఫలితం, విండో పీరియడ్ (వైరస్ సోకినా పరీక్షలో ఇంకా కనిపించని తొలి రోజులు) అన్న సందేహమే మిగలదు. ప్రభుత్వ ఆస్పత్రిలో సలహాతో పాటు పరీక్ష చేసే ఐసీటీసీ కేంద్రంలో ఈ పరీక్ష ఉచితం. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. దానితో పాటు సిఫిలిస్‌కు వీడీఆర్‌ఎల్, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు అడగండి. హెపటైటిస్ బీ నెగెటివ్ అయితే 0, 1, 6 నెలల్లో మూడు టీకాలు వేయించుకోవాలి. మధ్యలో లాక్‌డౌన్ వచ్చి డోసు తప్పినా మొదటి నుంచి మొదలుపెట్టనవసరం లేదు, ఆగిన చోటి నుంచి కొనసాగిస్తే సరిపోతుంది.

గనేరియా, క్లమీడియా అనే సుఖవ్యాధుల విషయంలో ఒక మెలిక ఉంది. గొంతులో, మలద్వారంలో ఉన్న ఇన్ఫెక్షన్ చాలాసార్లు ఏ లక్షణమూ చూపించదు, మూత్ర పరీక్షలో దొరకదు. మీరు ఏ రకమైన కలయికలో పాల్గొన్నారో డాక్టరుకు సిగ్గుపడకుండా చెబితేనే ఆ చోట్ల నుంచి నమూనా తీస్తారు. ప్రభుత్వ ఆస్పత్రుల సురక్షా క్లినిక్‌లలో లక్షణాలను బట్టి రంగు డబ్బాల్లో మందులిస్తారు. మూత్రనాళం నుంచి గాని, మలద్వారం నుంచి గాని చీము కారితే బూడిద రంగు డబ్బా, మర్మాంగం మీద హెర్పిస్ కాని పుండు ఉంటే తెల్ల డబ్బా. కోవిడ్ రోజుల్లో ప్రతి జ్వరానికీ అజిత్రోమైసిన్ కొని మింగిన అలవాటుతో, చీముకూ మెడికల్ షాపులో అదే అడిగి ఊరుకోవద్దు. దానితో లక్షణం తగ్గినట్టు కనిపించి, లోపల గనేరియా మందుకు లొంగకుండా తయారవుతుంది. సిఫిలిస్‌కు అసలు మందు బెంజథీన్ పెనిసిలిన్. తొలి దశలో 24 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఒక్కసారి పిరుదుకు వేస్తారు. నొప్పి ఉంటుంది, ఆ రాత్రి జ్వరమూ రావచ్చు, కంగారు పడనవసరం లేదు.

ఏదైనా వ్యాధి తేలితే గత మూడు నెలల్లో కలిసినవారికి కబురు చెప్పాలి. ఎలా చెప్పాలో తోచక చాలామంది చెప్పకుండా వదిలేస్తారు గనుక ఒక నమూనా ఇస్తున్నాను: "నాకు సిఫిలిస్ ఉందని తేలింది, ఇంజెక్షన్ వేయించుకున్నాను. నువ్వు కూడా ఒకసారి వీడీఆర్‌ఎల్ చేయించుకో, ఉచితమే." నీ వల్లే వచ్చిందని గాని, నా వల్ల కాదని గాని అందులో రాయవద్దు, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ పరీక్ష చెప్పదు. చికిత్స అయ్యాక ఏడు రోజుల పాటు, పుండు ఉంటే అది పూర్తిగా మానేవరకు కలయిక వద్దు. భాగస్వామికి చికిత్స జరగకుండా మళ్లీ అతనితో కలిస్తే అదే వ్యాధి తిరిగి వస్తుంది. సిఫిలిస్ అయితే మూడు, ఆరు, పన్నెండు నెలలకు మళ్లీ వీడీఆర్‌ఎల్ చేయించుకుని, అందులో వచ్చే అంకె తగ్గుతోందో లేదో డాక్టరుకు చూపించాలి. మూడు నెలల పరీక్షకు వెళ్లిన రోజే హెచ్‌ఐవీ పరీక్ష కూడా మరోసారి చేయించుకోండి.